ఐ5-2400 తీసి ఐ7-3770 వేయించుకోవాలా? పాత ప్రాసెసర్ల మీద పెట్టే డబ్బు గురించి

నర్సంపేట నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న ఇది. నాన్నగారు 2012లో స్టూడియో కోసం చేయించిన కంప్యూటర్ ఉంది. అందులో ఐ5-2400 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్ ఉన్నాయి. ఫోటోషాప్‌లో పెళ్లి ఆల్బమ్‌లు చేస్తుంటే ఒక్కో పేజీ తెరుచుకోవడానికే చాలా సేపు పడుతోంది. ఒక దుకాణంలో 4,500 రూపాయలకు ఐ7-3770 వేస్తామన్నారు. ఇంకో దుకాణంలో నాలుగో జనరేషన్ ఐ5 ఉన్న పాత ఆఫీసు సిస్టమ్‌ను 11,000కు ఇస్తామన్నారు. చేతిలో 20,000 ఉన్నాయి. చెల్లెలు ఈ ఏడాది ఇంజినీరింగులో చేరింది, ఆమె చదువుకూ ఇదే పనికి రావాలి. ఏది మేలు?

రెండూ వద్దు. ముందు ఉన్న సిస్టమ్‌ను విప్పించి దుమ్ము దులిపించండి, ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్టు మార్పించండి. తర్వాత ఒక సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో దాచుకునే డిస్క్) వేయించి, ర్యామ్‌ను 16 జీబీకి పెంచండి. అంతకు మించి ఆ బోర్డు మీద ఖర్చు పెట్టకండి. మిగిలిన డబ్బును అలాగే ఉంచి, దానికి ఇంకొంత కలిసినప్పుడు ఎనిమిదో జనరేషన్ లేదా ఆ పైది కొనండి. నాలుగో జనరేషన్‌కు 11,000 పెట్టడం మాత్రం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

నేను హనుమకొండలో చాలా ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉన్నాను. ఫోటో స్టూడియోలు, పెళ్లి కార్డులూ ఫ్లెక్సీలూ చేసే డీటీపీ సెంటర్లు, రైస్ మిల్లుల ఆఫీసులు, జిన్నింగ్ మిల్లులు, మీసేవ కేంద్రాలు నాకు ఎక్కువగా పని ఇచ్చేవారు. వీళ్లలో చాలామందికి పాత ప్రాసెసర్ అవసరానికి సరిపోతూనే ఉంటుంది. దాని చుట్టూ ఉన్న సామానే దాన్ని కదలనివ్వదు. అది తెలియక నెమ్మదికి కారణం ప్రాసెసరే అనుకుని, దాని మీదే డబ్బు పోస్తారు. మీ విషయంలోనూ నాకు అదే కనిపిస్తోంది.

మీ పనినే లెక్క వేసి చూద్దాం. 12×36 అంగుళాల ఆల్బమ్ షీటు 300 డీపీఐలో చేస్తే 3,600 × 10,800 పిక్సెళ్లు, అంటే దాదాపు 3 కోట్ల 89 లక్షల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు మూడు బైట్లు వేసుకున్నా, షీటంతా పరుచుకున్న ఒక్క లేయరే సుమారు 117 ఎంబీ తింటుంది. బ్యాక్‌గ్రౌండు, దంపతుల పెద్ద ఫోటో, దాని మీద మాస్కు, పూల డిజైను, చిన్న ఫోటోలు అన్నీ కలిపి పది లేయర్లకే ఒక జీబీ దాటవచ్చు. చేసిన పనిని వెనక్కి తీసుకోవడానికి ఫోటోషాప్ దాచుకునే చరిత్ర దీనికి అదనం. మీకున్నది 4 జీబీ. అందులో విండోస్ తన వాటా ముందే తీసుకుంటుంది, పక్కన బ్రౌజర్ తెరిచి ఉంటే అదీ కొంత తీసుకుంటుంది. చోటు చాలక ఫోటోషాప్ మిగతాదంతా హార్డ్ డిస్క్ మీద రాసుకుంటుంది. మీరు ఒక ఫోటోను పక్కకు జరిపినప్పుడల్లా ఆ డిస్క్ గరగరలాడేది అందుకే.

ఇక ఆ డిస్క్ సంగతి. నిమిషానికి 7,200 సార్లు తిరిగే పళ్లెం మీద ముల్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లి, కావలసిన భాగం కిందికి వచ్చేదాకా ఆగి చదవాలి. ఒక్కోసారికి పది పన్నెండు మిల్లీసెకన్లు పోతాయి. అంటే చెల్లాచెదురుగా ఉన్న చిన్న ముక్కలను సెకనుకు నూరు కూడా చదవలేదు. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ అలాంటివి వేల కొద్దీ చదువుతుంది. మీ హెచ్61 బోర్డులోని సాటా పోర్టులు పాత 3 గిగాబిట్ రకం కాబట్టి ఎస్‌ఎస్‌డీ తన పూర్తి వేగం చూపదని కొందరు మిమ్మల్ని నిరుత్సాహపరచవచ్చు. పెద్ద ఫైలు ఒక్కటి కాపీ చేసేటప్పుడు ఆ మాట నిజమే. సెకనుకు 550 ఎంబీ రావలసింది 270 దగ్గర ఆగుతుంది. రోజువారీ పనిలో వేగం తెలిసేది మాత్రం చిన్న ముక్కలను వెతికి చదవడంలో. అక్కడ ఆ పాత పోర్టు పెద్ద అడ్డు కాదు.

నా మాట నమ్మే ముందు మీరే పరీక్షించుకోండి. ఒక పెద్ద ఆల్బమ్ షీటు తెరిచి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పనితీరు చూపే పేజీ తెరిచి పక్కన పెట్టుకుని పని చేయండి. డిస్క్ 100 శాతంలో, మెమరీ 90 పైన, ప్రాసెసర్ మాత్రం 20–30 శాతంలో ఉంటే జబ్బు ఎక్కడుందో అదే చెబుతుంది. ప్రాసెసర్ ఎంతో సేపు 100 శాతంలో నిలబడి, మిగతావి తీరిగ్గా ఉంటేనే ప్రాసెసర్ మార్చే ఆలోచన చేయాలి.

ఐ7-3770 వేస్తే నిజంగా ఎంత వస్తుంది? మీ ఐ5-2400 2011 నాటిది. నాలుగు కోర్లు (పనిచేసే చేతుల లాంటివి), నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనులు), గరిష్ఠ వేగం 3.4 గిగాహెర్ట్‌జ్. ఐ7-3770 2012లో వచ్చింది. అవే నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, గరిష్ఠంగా 3.9 గిగాహెర్ట్‌జ్. ఒక్కో కోర్ బలం చూస్తే తేడా దాదాపు ఇరవై శాతం. ఫోటోషాప్‌లో మీరు రోజంతా చేసే కత్తిరింపు, అతికింపు, మాస్కులు, బ్రష్ పని ఎక్కువగా ఒకటి రెండు కోర్ల మీదే నడుస్తాయి. కాబట్టి అక్కడ మీకు దక్కేది ఆ ఇరవై శాతమే. పది సెకన్ల పని ఎనిమిదిన్నర సెకన్లకు రావచ్చు. స్కోరు పట్టికల్లో 3770కి ఒకటిన్నర రెట్లకు పైగా మార్కులు ఉన్నాయని దుకాణదారు చూపించి ఉంటారు. ఆ అంకె ఎనిమిది థ్రెడ్లనూ ఒకేసారి నింపి తీసింది. వీడియో ఎక్స్‌పోర్టులో అలాంటి లాభం కొంత కనిపిస్తుంది, ఆల్బమ్ పనిలో కనిపించదు.

జనగామ వైపు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒకరికి నేనే 2400 తీసి 3770 వేశాను. ఆయన పని ఎడియస్ అనే వీడియో ఎడిటింగ్ ప్రోగ్రాములో, అదీ మామూలు హెచ్‌డీ ఫుటేజీతో. ఎక్స్‌పోర్టు సమయం బాగా తగ్గింది, ఆయన సంతోషించారు. తర్వాత కొత్త కెమెరా కొన్నారు. అది హెచ్.265 అనే పద్ధతిలో బాగా కుదించిన 4కే ఫుటేజీ ఇస్తుంది. ఆ ఫైలు టైమ్‌లైన్ మీద పెట్టగానే చిత్రం ఆగిపోయి శబ్దం మాత్రం నడిచేది. 3770లో హెచ్.265ను విప్పే ప్రత్యేక ఏర్పాటు చిప్పులో లేదు. ఆ భారమంతా మామూలు కోర్ల మీద పడుతుంది, అవి మోయలేవు. ఏడో జనరేషన్ నుంచి ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్పుల్లోని గ్రాఫిక్స్ 10 బిట్ హెచ్.265నూ యూట్యూబ్ వాడే వీపీ9నూ సొంతంగా విప్పుతాయి. కెమెరా 4:2:2 అనే ఎక్కువ రంగు వివరాల రకంలో రికార్డు చేస్తుంటే అదీ చాలదు, పదకొండో జనరేషన్ కావాలి. మీ నాన్నగారు వీడియో పని కూడా తీసుకునే ఆలోచనలో ఉంటే ఈ ఒక్క కారణం చాలు, పాత బోర్డు మీద డబ్బు పెట్టకుండా ఉండడానికి.

ఇంత చెప్పినా, ఎవరైనా తెలిసినవారు 3770ని వెయ్యీ పదిహేను వందలకు ఇస్తే తీసుకోండి, తప్పేమీ లేదు. అప్పుడు కొన్ని జాగ్రత్తలు కావాలి. 2012కు ముందు తయారైన హెచ్61 బోర్డు మూడో జనరేషన్‌ను గుర్తుపట్టాలంటే బయాస్ (బోర్డును మొదలుపెట్టే లోపలి ప్రోగ్రాము) మార్చాలి, ఆ పని పాత ప్రాసెసర్ ఉండగానే చేయాలి. కొత్తది పెట్టాక తెర నల్లగా ఉండిపోతే మళ్లీ పాతది బిగించి మొదలుపెట్టాల్సిందే. బయాస్ మారుస్తుండగా కరెంటు పోతే బోర్డే పోతుంది, కాబట్టి యూపీఎస్ లేకుండా ముట్టుకోకూడదు. కరెంటు వాడకం గురించి భయం అక్కర్లేదు. 2400 రేటింగు 95 వాట్లు, 3770ది 77 వాట్లే. ఐ7 అనగానే ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే డబ్బా) కూడా మార్చాలని ఒప్పించేవారు ఉంటారు, ఈ మార్పుకు ఆ అవసరం రాదు. అయితే పన్నెండేళ్లు దాటిన ఎస్‌ఎంపీఎస్ తన వయసు వల్లే మార్చదగ్గది కావచ్చు, అది వేరే సంగతి.

పేర్ల విషయంలోనూ జాగ్రత్తగా ఉండండి. ఐ7 అన్న మాట ఒక్కటే విని కొనకండి. గీత తర్వాత వచ్చే అంకె ముఖ్యం. 2600 అంటే రెండో జనరేషన్, 8100 అంటే ఎనిమిదోది, 12100 అంటే పన్నెండోది. రెండో జనరేషన్ ఐ7-2600ను ఎనిమిదో జనరేషన్ ఐ3-8100 దాటిపోతుంది, పన్నెండో జనరేషన్ ఐ3-12100 ఒక్కో కోర్‌లో దాదాపు రెట్టింపు చేస్తుంది. చివర ఉండే అక్షరమూ చూడాలి. టీ ఉంటే తక్కువ కరెంటుతో నెమ్మదిగా నడిచే రకం. ఐ5-3470లో నాలుగు కోర్లు ఉంటే ఐ5-3470టీలో రెండే ఉన్నాయి. చిన్న డబ్బా సైజు ఆఫీసు సిస్టమ్‌లలో ఇవి ఎక్కువగా దొరుకుతాయి. ఎఫ్ ఉంటే గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు కొనాలి. "ఐ7, 16 జీబీ, ఎస్‌ఎస్‌డీ" అని మాత్రమే రాసి జనరేషన్ రాయని ప్రకటనను నేను చదవడం కూడా మానేశాను.

ఇప్పుడు ఆ నాలుగో జనరేషన్ సిస్టమ్. ఐ5-4570, 4590 లాంటివి 2013, 2014 నాటివి. మీ 2400 కంటే ఇవి మెరుగే. ఏవీఎక్స్2 అనే సూచనల సముదాయం వీటితోనే వచ్చింది, కొత్త సాఫ్ట్‌వేర్లలో కొన్ని అది లేకపోతే తెరుచుకోవు. అయినా 11,000 పెట్టి మీరు ఇంటికి తెచ్చుకునేది మళ్లీ నాలుగు కోర్లు, మళ్లీ డీడీఆర్3 ర్యామ్, మళ్లీ అధికారికంగా విండోస్ 11 అందని యంత్రం. ఉన్నచోటి నుంచి ఒక మెట్టు ఎక్కడానికి చేతిలోని డబ్బులో సగానికి పైగా పోతుంది.

దీని వెనక ఒక చరిత్ర ఉంది, అది తెలిస్తే సెకండ్ హ్యాండ్ ధరలు ఎందుకు అలా ఉన్నాయో అర్థమవుతుంది. 2011లో మీ 2400 వచ్చినప్పుడు డెస్క్‌టాప్ ఐ5 అంటే నాలుగు కోర్లు. 2017 మొదట్లో ఏడో జనరేషన్ ఐ5-7500 వచ్చినప్పుడూ నాలుగు కోర్లే. ఏటా కొద్దికొద్దిగా వేగం పెరిగింది తప్ప నిర్మాణం మారలేదు, ఎందుకంటే ఎదుట గట్టి పోటీ లేదు. ఏఎండీ ఎఫ్ఎక్స్-8350కి ఎనిమిది కోర్లని చెప్పుకున్నా, ఒక్కో కోర్ బలం తక్కువ, రేటింగు 125 వాట్లు. 2017 మార్చిలో ఏఎండీ రైజెన్ తెచ్చింది. అదే ఏడాది అక్టోబరుకల్లా ఇంటెల్ ఎనిమిదో జనరేషన్‌లో ఐ5కి ఆరు కోర్లు, ఐ3కి నాలుగు కోర్లు ఇచ్చింది. నిన్నటిదాకా ఐ5లో ఉన్నది రాత్రికి రాత్రి ఐ3లోకి వచ్చేసింది. పాత ప్రాసెసర్లు కొనేవారికి అసలైన గీత అక్కడే పడింది. రెండు నుంచి ఏడు దాకా అన్నీ ఒకే వీధిలోని ఇళ్లు, ఎనిమిది నుంచి వేరే ఊరు.

విండోస్ కూడా అదే చోట గీత గీసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో జనరేషన్, ఏఎండీలో రైజెన్ 2000 వరుస నుంచే అధికారిక మద్దతు ఉంది. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగిసింది. ఇళ్లలో వాడేవారు నమోదు చేసుకుంటే భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు దాకా వస్తాయి. మీ 2400 మీద విండోస్ 11ను అడ్డదారిలో ఎక్కించిచ్చేవారు ఉన్నారు. ఎక్కుతుంది కూడా. కానీ పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఆ తిప్పలు మళ్లీ పడాలి. స్టూడియో నడిచే యంత్రం మీద అలాంటి ప్రయోగం నేను చేయను. ఆల్బమ్ పనికి పాత సిస్టమ్‌ను విండోస్ 10తోనే ఉంచండి. బ్యాంకు లావాదేవీలు, ఆధార్ కాపీలు, కస్టమర్ల మెయిళ్లు దాని మీద తెరవకండి.

కోర్ 2 డ్యుయో, కోర్ 2 క్వాడ్ ఉన్నవారు కూడా ఇది చదువుతుంటే వారికి ఒక మాట. ఈ8400, క్యూ6600 లాంటి చిప్పులు తమ కాలంలో గొప్పవి, కానీ విండోస్ 11 2024 వెర్షన్ వాటిమీద మొదలు కూడా కాదు, ఆ చిప్పుల్లో లేని ఒక సూచన దానికి తప్పనిసరి. వాటికి ర్యామ్ వేయించడం కూడా దండగ. ఒక్కచోట మాత్రం వాటికి ఇంకా విలువ ఉంది. వేబ్రిడ్జి కాటాల దగ్గర, తూకం చూపే యంత్రం నుంచి సీరియల్ పోర్టు ద్వారా అంకెలు తీసుకుని డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు మీద రసీదు కొట్టే పనికి, వెనకాల తొమ్మిది పిన్నుల పోర్టు ఉన్న ఆ పాత బోర్డులు ఇప్పటికీ చక్కగా పనిచేస్తాయి. ఇంటర్నెట్ తీగ పెట్టకుండా ఉంచితే చాలు. అలాంటి యంత్రం చెడకుండా నడుస్తుంటే దాన్ని మార్చమని నేను ఎవరికీ చెప్పను.

వేడి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతంలో పాత ప్రాసెసర్ల వేగాన్ని అన్నిటికంటే ఎక్కువగా తినేసేది అదే. మే నెలలో వరంగల్‌లో 43, 44 డిగ్రీలు మామూలు. రేకుల షెడ్డులో గది లోపలి వేడి ఇంకా ఎక్కువ. చిప్పు వేడి వంద డిగ్రీల దరిదాపుకు చేరగానే, కాలిపోకుండా ఉండడానికి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మీకు ఏ హెచ్చరికా కనిపించదు, పని మాత్రం నెమ్మదిస్తుంది. ఉదయం బాగానే ఉండి మధ్యాహ్నం రెండింటికి మొరాయించే సిస్టమ్ ఏదైనా నా మొదటి అనుమానం దీని మీదే.

ఏనుమాముల మార్కెట్ వైపు ఒక జిన్నింగ్ మిల్లు ఆఫీసు నుంచి ప్రాసెసర్ మార్చాలంటూ ఒక ఐ3-2120 సిస్టమ్ వచ్చింది. ఫ్యాను విప్పి చూస్తే హీట్ సింక్ రెక్కలు కనిపించలేదు. ఫ్యానుకూ రెక్కలకూ మధ్య పత్తి నూగు, దుమ్ము కలిసి దుప్పటి ముక్కలా గట్టిపడి, అంచు పట్టుకుని లాగితే గుండ్రంగా మొత్తం ఊడి వచ్చింది. దాని కింద పేస్టు ఎండి సున్నంలా రాలుతోంది. హీట్ సింక్‌ను బోర్డుకు పట్టి ఉంచే నాలుగు ప్లాస్టిక్ గుబ్బల్లో ఒకటి లేచిపోయి ఉంది, ఒక మూల అసలు ఆనడమే లేదు. శుభ్రం చేసి, కొత్త పేస్టు రాసి, ఆ గుబ్బను మార్చి బిగించాక అదే ప్రాసెసర్‌తో ఆ ఆఫీసు ఇంకా నడుస్తోంది. మీ స్టూడియోలో పత్తి నూగు లేకపోవచ్చు. పన్నెండేళ్లు దాటిన పేస్టు మాత్రం కచ్చితంగా ఎండి ఉంటుంది. ఈ పనికి అయ్యేది రెండు మూడు వందలు. పేస్టును వేరుశనగ గింజంత పెడితే చాలు, పూత పూయకూడదు. బిగించేటప్పుడు ఎదురెదురు మూలలను జతగా నొక్కాలి, నాలుగూ టక్కుమనే దాకా.

ర్యామ్ కొనేటప్పుడు ఒక మోసం ఉంది, తెలుసుకోండి. మీ బోర్డులో రెండు స్లాట్లు, ఒక్కోదానిలో 8 జీబీ చొప్పున 16 దాకా తీసుకుంటుంది. ఆన్‌లైన్‌లో చాలా చవకగా కనిపించే 8 జీబీ డీడీఆర్3 ముక్కలు కొన్ని ఏఎండీ బోర్డుల్లో మాత్రమే పనిచేసే రకం. మీ బోర్డులో అవి పెడితే సిస్టమ్ లేవదు. దుకాణంలో మీ సిస్టమ్‌లోనే పెట్టి, తెర వచ్చాకే డబ్బు ఇవ్వండి. ఇంకోటి, విండోస్ 32 బిట్ రకమైతే 4 జీబీకి మించి ఎంత వేసినా వాడుకోదు. పాత డీటీపీ ఫాంట్లూ పేజ్‌మేకర్ కోసమని 32 బిట్‌నే పట్టుకుని ఉన్న సెంటర్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి. ఎస్‌ఎస్‌డీ వేసేటప్పుడే 64 బిట్ ఎక్కించమని అడగండి.

ఇక చెల్లెలి చదువు. సీ, పైథాన్, వెబ్ పేజీలు రాయడం లాంటి మొదటి ఏడాది పనులకు ఎస్‌ఎస్‌డీ, 16 జీబీ పెట్టిన మీ 2400 హాయిగా సరిపోతుంది. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ (తెర మీద ఫోన్‌లా నడిచే ప్రోగ్రాము) నడపాల్సి వచ్చినప్పుడు ఇది చాలదు. దానికంటే పెద్ద చిక్కు వేరే ఉంది. పెళ్లిళ్ల సీజన్‌లో నాన్నగారు రాత్రి పొద్దుపోయేదాకా ఆ కుర్చీలోనే ఉంటారు, ఆ అమ్మాయి పరీక్షలూ అప్పుడే వస్తాయి. ఒకే కంప్యూటర్‌ను ఇద్దరికీ సరిపెట్టాలని చూడకండి. రెండోది కొనే రోజు వచ్చాక పాతది ఆమెకు ఇచ్చి, కొత్తది స్టూడియోలో పెట్టండి.

ఆ రెండోదాని గురించి నా అభిప్రాయం ఇది. సెకండ్ హ్యాండ్ అయితే ఐ5-8400, ఐ5-8500 లేదా తొమ్మిదో జనరేషన్ ఐ5 ఉన్న ఆఫీసు సిస్టమ్‌లు చూడండి. ఐటీ కంపెనీలు మార్చినప్పుడు బయటికి వచ్చే ఇవి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, ఆ చుట్టుపక్కల విరివిగా దొరుకుతాయి. కాజీపేటలో ఉదయం రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు, నాలుగు దుకాణాలు తిరిగి ధర పోల్చుకోవచ్చు. సన్నటి క్యాబినెట్ వద్దు, నిలువు టవర్ తీసుకోండి. సన్నటి వాటిలో తర్వాత గ్రాఫిక్స్ కార్డు పెట్టాలంటే సగం ఎత్తువే పడతాయి, ఎస్‌ఎంపీఎస్ కూడా ఆ కంపెనీదే వెతకాలి. కొత్తదే కావాలంటే ఐ3-12100 లాంటి దానితో మొదలుపెట్టండి. నాలుగు కోర్లే అయినా ఫోటోషాప్‌లో అది ఎనిమిదో జనరేషన్ ఐ5 కంటే చురుకు, అదే బోర్డులో తర్వాత పెద్ద ప్రాసెసర్ వేసుకునే దారి ఉంటుంది. ఏఎండీలో ఏఎం4 సాకెట్ బోర్డు, రైజెన్ 5 5600జీ కూడా మంచి ఎంపికే. ఆ జీ అక్షరం ఉంటే గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది.

పాత ప్రాసెసర్లు కొంటున్నప్పుడు ఒక విషయం మనసులో ఉంచుకోండి: ప్రాసెసర్ చెడిపోవడం చాలా అరుదు, చెడేది బోర్డు. అందుకే మంచి ఐ7లు చవకగా, వాటికి సరిపడే మంచి బోర్డులు ప్రియంగా ఉంటాయి. ఇప్పుడు కొత్తవని అమ్ముతున్న పేరు తెలియని హెచ్61 బోర్డుల్లో చిప్‌సెట్టు పాత బోర్డుల నుంచి తీసి అతికించినదై ఉంటుంది. నా దగ్గరికి తిరిగి వచ్చేవాటిలో అవి ఎక్కువ. పాత సర్వర్ల జియాన్ ప్రాసెసర్‌నూ అలాంటి బోర్డునే కలిపి సెట్టుగా అమ్మేవీ వద్దు. కోర్లు ఎన్నో కనిపిస్తాయి కానీ ఒక్కో కోర్ నెమ్మది, గ్రాఫిక్స్ ఉండదు, కరెంటు ఎక్కువ లాగుతుంది. కరెంటు సంగతి చిన్నదని అనుకోకండి. ఊరికే ఉన్నప్పుడు కూడా 40 వాట్లు ఎక్కువ తినే యంత్రం రోజుకు పది గంటలు, ఏడాదిలో మూడు వందల రోజులు నడిస్తే 120 యూనిట్లు అదనం. దుకాణం మీటరైతే ఆ బిల్లు ఏటా కట్టాలి, కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు కూడా అంత త్వరగా ఖాళీ అవుతుంది.

పాత బోర్డు కొనక తప్పకపోతే, సాకెట్‌లోని సన్నటి పిన్నులను ఫోన్ లైటు ఏటవాలుగా పట్టి చూడండి. వరుసలన్నీ ఒకేలా మెరవాలి, ఒకటి వంగినా ఆ చోట మెరుపు తేడాగా పడుతుంది. సాకెట్ పక్కనున్న కెపాసిటర్ల తలలు చదునుగా ఉండాలి, ఉబ్బితే వదిలేయండి. అరగంట నడిపించి చూడకుండా డబ్బు ఇవ్వకండి.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి, దీన్ని మాత్రం రేపటికి వాయిదా వేయకండి. మీరు రాసినదాన్ని బట్టి ఆ హార్డ్ డిస్క్ కూడా 2012 నాటిదే, కస్టమర్ల పెళ్లి ఫోటోలన్నీ దాని మీదే ఉన్నాయి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము వేసి చూస్తే డిస్క్ ఆరోగ్యం ఒక రంగులో చూపిస్తుంది. నీలం ఉంటే ఇప్పటికి పరవాలేదు. పసుపు ఉంటే ఇక దాని మీద కొత్తగా ఏమీ రాయకండి, ఎవరినీ ఫార్మాట్ చేయనివ్వకండి. రంగు ఏదైనా సరే, బయట పెట్టుకునే ఒక డిస్క్ తెచ్చి ముందుగా ఆ ఫోటోలన్నీ కాపీ చేయండి. కాపీ అయ్యాక అక్కడక్కడా కొన్ని తెరిచి చూసి, సరిగ్గా వచ్చాయని నిర్ధారించుకున్న తర్వాతే సిస్టమ్‌ను దుకాణానికి తీసుకెళ్లండి. ప్రాసెసర్ ఎప్పుడైనా దొరుకుతుంది. ఒకరి పెళ్లి ఫోటోలు పోతే వాళ్లకు మనం ఏం చెప్పగలం?